పాత వస్తువులకు ఇంగ్లీషులో ఎన్ని మాటలు!

పాతది ఏది కనబడ్డా మనం ఇంగ్లీషులో 'ఓల్డ్' అని రాసేస్తాము. తెలుగులో మాత్రం అట్ల అనం గదా. బట్ట పిగిలింది అంటం, రంగు వెలిసింది అంటం, చెప్పు అరిగింది అంటం. ఇంగ్లీషులో గూడ వేరువేరు మాటలు ఉన్నాయి.

తుప్పు పట్టిన ట్రంకు పెట్టె రస్టీ. వెలిసిన యూనిఫాం ఫేడెడ్. పీలికలైన బట్ట టాటర్డ్. దుప్పటిని వెలుతురుకు పట్టి చూస్తే పోగులు లెక్కపెట్టేటట్టు ఉంటే అది థ్రెడ్‌బేర్. (మన గదిలో వెతకనక్కర లేదు!)

అరిగినదాన్ని వోర్న్ అంటారు. వేర్, వోర్, వోర్న్. వేర్ అంటే తొడుక్కోవడం, అరగడం కూడా అదే మాట. తొడుక్కుంటేనే గదా బట్ట అరిగేది. తాండూరులో నాపరాయి మెట్లు నడిచీ నడిచీ నున్నగా అరుగుతాయి. అవి వోర్న్. కూలిపోతున్న ఇల్లు మాత్రం డిలాపిడేటెడ్. డి-లాపి-డే-టెడ్ అని విడగొట్టుకొని పలకండి. లాటిన్ భాషలో లాపిస్ అంటే రాయి. షాబాదు బండల మీద పండుకునే మనం ఈ మాట మరవొద్దు.

ఇంక షాబీ. ఒక ఆదివారం మా యాడి నన్ను చూడటానికి వస్తే, ఆమె ఫేటియాను చూసి ఒకామె పక్కామెతో 'షాబీ' అన్నది. డిక్షనరీ తీసి చూసిన. షాబ్ అనే పాత మాట నుండి వచ్చిందంట, అంటే పుండు మీది పక్కు. షాబీలో పాతదనం ఒక్కటే లేదు, చూసేవాళ్ల చిన్నచూపు గూడ ఉంది. కాబట్టి మనుషుల బట్టలకు ఈ మాట వాడేముందు ఆలోచించాలె.

పాతదై, విలువ పెరిగితే యాంటీక్. పాత లంబాడీ కుట్టుపనిని పట్నాలలో డబ్బు పెట్టి కొని దాచుకునేవాళ్లు ఉన్నారు. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు గూడ వచ్చింది. అదే అద్దాలు, అదే దారం! గోడకు వేలాడితే యాంటీక్, మా యాడి కట్టుకుంటే షాబీనా?

ఆ ఫేటియాకు సరైన మాట ఇంకొకటి దొరికింది. అంచుకు మూడు అద్దాలు ఊడిపోతే ఆ జాగల గవ్వలు కుట్టింది మా యాడి. చినిగినకాడ ఎర్ర గుడ్డ అతికింది. దాన్ని మెండెడ్ అంటారు.