చలిదేశం సొత్తు కాని సూది

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన గుర్తుగా ప్రభుత్వం అక్కడ చెట్ల తోపు వేయించి, రాతిమెట్ల బావి కట్టించింది. కలరా నీళ్లతో వస్తుందని అప్పటికి తేలలేదు. కడుపుకు చలి తగిలితే వస్తుందని చాలామంది దొరల నమ్మకం. ఆ నమ్మకంతోనే 19వ శతాబ్దంలో మన దేశంలోని బ్రిటిష్ సిపాయిల నడుముకు ‘కలరా పట్టీ’ ఎక్కింది. కొన్ని ఫ్లానెల్ గుడ్డవి, కొన్ని ఊలుతో అల్లినవి. 1854లో లండన్‌లో జాన్ స్నో వీధి పంపు నీళ్లను దోషిగా పట్టాడు. 1884 నాటికి రాబర్ట్ కాక్ సూక్ష్మజీవినే చూపించాడు. పట్టీ మాత్రం పోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు ఆడవాళ్లు సైనికుల కోసం అల్లిన వాటిలో మేజోళ్లతో పాటు నడుము పట్టీలూ ఉన్నాయి. మండే ఎండలో కడుపుకు ఊలు! పుస్తకంలో నమూనా ఉంటే చాలు, ఎందుకని అడిగేవాళ్లు తక్కువ.

ఇప్పటికీ అంతే. మంచు కురిసే ఊళ్ల కోసం రాసిన నమూనాను ముందేసుకుని, అందులో చెప్పిన ఊలు, చెప్పిన సూదులే కావాలని దుకాణమంతా వెతుకుతాం. దొరక్కపోతే, అల్లిక మనలాంటి ఎండ ఊళ్లకు పనికిరాదని వదిలేస్తాం. సూది చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు.

రెండు సూదుల అల్లికలో ఇప్పటికి మిగిలిన అతి పాత ముక్కలు ఈజిప్టువి, దాదాపు వెయ్యేళ్ల కిందటివి. అవి మేజోళ్లు. ఊలువి కావు, నూలువి. తెలుపు మీద నీలిమందు రంగుతో డిజైన్లు తీర్చారు. అంటే ఎడారి అంచున, పత్తి దారంతో అల్లినవి. పత్తీ నీలిమందూ మన నేలకు కొత్తవా? పత్తికొండకు దగ్గర్లోని ఆదోని ఇవాళ్టికీ పత్తి బజారే. కడప నీలిమందుకు 19వ శతాబ్దంలో మంచి పేరుండేది. ఈ విద్య ఐరోపా చేరాక గొర్రె బొచ్చుకు అలవాటుపడింది. చలిదేశం సొత్తు అన్న పేరు ఆ తర్వాత వచ్చిందే.

ఇంతకీ ఆ సూది చేసే పనేమిటి? దానికి బెజ్జం లేదు, అది గుడ్డను పొడవదు. వరసలోని ఉచ్చులన్నింటినీ జారిపోకుండా మోస్తుంది, అంతే. నరసాపురం లేసు అల్లే క్రోషా సూదికి కొస కొక్కెం ఉంటుంది, దాని మీద సాధారణంగా ఒక్క ఉచ్చే బతికి ఉంటుంది. రెండు సూదుల అల్లికలో వంద ఉచ్చులు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి; సూది జారిందా, వరసలకు వరసలు ఊడిపోతాయి. ఆ తెగింపుకు దక్కే ఫలం సాగే గుణం. మగ్గం మీద పడుగూ పేకా తిన్నగా బిగిసి ఉంటాయి, లాగితే దారమే సాగాలి. అల్లికలో దారం మెలికలు తిరిగి కూర్చుంటుంది, లాగితే మెలిక విచ్చుకుంటుంది. దారం ఒక్క నూలు మందం సాగకపోయినా బట్ట సాగుతుంది.

ఈ పనిని మరకు అప్పగించినవాడు విలియం లీ. 1589లో ఇంగ్లండులోని నాటింగ్‌హాం దగ్గర మేజోళ్ల మగ్గం కట్టాడు. ఒక వరసకు ఒక సూది కాదు, ఒక్కో ఉచ్చుకూ ఒక్కో కొక్కెం సూది పెట్టాడు. మొదటి మరలో అంగుళానికి 8 సూదులు. ఎలిజబెత్ రాణి పేటెంటు ఇవ్వలేదు. పట్టు మేజోళ్ల కోసం అంగుళానికి 20 సూదులకు పెంచినా దక్కలేదు. ఫ్రాన్సు వెళ్లాడు, అక్కడా కలిసిరాలేదు. 1849లో మాథ్యూ టౌన్సెండ్ పేటెంటు పొందిన సూదికి కొస దగ్గర చిన్న నాలుక ఉంది. అది తెరుచుకుని దారం పట్టి, మూసుకుని పాత ఉచ్చును దాటుతుంది. తిరుప్పూరులో గుండ్రంగా తిరిగే బనీను మరల్లో పనిచేసేది ఆ నాలుక సూదే. పత్తికొండ ఎండలో అల్లిక బట్ట ఎవరు వేస్తారని అడిగేవాళ్లు తమ చొక్కా గుండీ విప్పి చూసుకోవాలి. లోపల ఉన్నది నూలు అల్లికే.

చేతి సూదుల దగ్గరికొస్తే, మొదటి చిక్కు నంబరు. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి పాత బ్రిటిష్ నంబర్లవి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 14 అంటే 2. అమెరికా లెక్క దీనికి తలకిందులు; అక్కడి 8వ నంబరు 5 మిల్లీమీటర్లు. అమెరికాలో ఉన్న చెల్లెలు పంపిన నమూనాలో ‘8వ నంబరు’ అని ఉంటే, కర్నూలులో కొన్న 8తో మొదలుపెట్టకండి. నంబరు మరిచిపోయి మిల్లీమీటర్లు చూడటమే మేలు.

ఆ తేడా ఎంత చేస్తుందో ఒక స్వెట్టరు మీద చూద్దాం. నమూనా 10 సెంటీమీటర్లకు 22 కుట్లు అంటుంది. ఛాతీ చుట్టూ 80 సెంటీమీటర్లకు 176 కుట్లు ఎక్కించమంటుంది. మీ చెయ్యి కాస్త వదులు, 10 సెంటీమీటర్లకు 20 కుట్లే పడుతున్నాయి. అవే 176 కుట్లు ఎక్కిస్తే వచ్చేది 88 సెంటీమీటర్లు. పిల్లకని మొదలుపెట్టింది తల్లికి సరిపోతుంది. కుట్లు లెక్కపెట్టడంలో తప్పేమీ లేదు, మీ చేతికి ఆ సూది మందం ఎక్కువైంది.

ఇక దారం. మన కురవల కంబళి దక్కనీ గొర్రె బొచ్చుతో నేస్తారు, పడుగుకు చింతగింజల గంజి పెడతారు. వానకూ చలికీ దాన్ని మించింది లేదు. కానీ ఆ బొచ్చు ముతక. 30 మైక్రాన్లు దాటిన పోగుల కొసలు చర్మాన్ని గుచ్చుతాయి, ఒంటికి ఆనే స్వెట్టరుకు పనికిరాదు. దుకాణంలో ‘ఊలు’ అని ఇచ్చే రంగురంగుల ఉండల్లో చాలావరకు అక్రిలిక్. డూపాంట్ కంపెనీ ఓర్లాన్ పేరుతో 1950లో అమ్మకానికి తయారుచేయడం మొదలుపెట్టిన రకం పోగు. అనుమానముంటే చిన్న ముక్క కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే ఊలు. కరిగి గట్టి పూసలా మిగిలితే అక్రిలిక్. కాగితంలా మండితే నూలు. మామూలు గాలిలో నూలు తన బరువులో సుమారు 8.5 శాతం తేమ పట్టుకుంటుంది, అక్రిలిక్ ఒకటిన్నర శాతం దగ్గరే ఆగిపోతుంది. చెమట పట్టే ఊళ్లో ఈ ఒక్క తేడాతోనే తీర్పు తేలిపోతుంది. అక్రిలిక్ మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఉచ్చులు చదునైపోతాయి, మళ్లీ లేవవు.

నూలుకూ లోపముంది: బరువెక్కువ, ఊలుకున్న స్ప్రింగు గుణం లేదు, వేలాడితే కిందికి దిగుతుంది. అందుకే దానికి చేతుల్లేని చిన్న తొడుగులు, పిల్లల టోపీలు బాగుంటాయి; మోకాళ్ల దాకా వచ్చే కోటు వద్దు. నూలు దొరకదని అనుకోనక్కర్లేదు. ఎమ్మిగనూరు చేనేత ఊరే కదా. అక్కడి మగ్గాలకు వచ్చే నూలు చిలపల్లో ఉంటుంది, చిలపకు 840 గజాలు. పౌనుకు 20 చిలపలు తూగితే 20 కౌంటు. ఆ నూలును ఎనిమిది పోగులు కలిపి పేనితే 100 గ్రాములకు దాదాపు 420 మీటర్ల దారం వస్తుంది. దానికి 2.75 లేదా 3 మిల్లీమీటర్ల సూదులు, అంటే మన లెక్కలో 12 లేదా 11, సరిపోతాయి. పేనేటప్పుడు గట్టి పురి పెట్టండి, లేకపోతే సూది మొన పోగుల మధ్య దూరుతుంది.

నమూనా ఏదైనా, మొదలుపెట్టే ముందు అదే దారంతో, అవే సూదులతో 15 సెంటీమీటర్ల చదరం అల్లండి. తొడుగును ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరేశాక నడిమి 10 సెంటీమీటర్లలో కుట్లు లెక్కపెట్టండి. నమూనా కంటే తక్కువ వస్తే సన్న సూదికి, ఎక్కువ వస్తే లావు సూదికి మారండి.