కండక్టరమ్మ అడిగిన ప్రశ్న

సమ్మె అనే మాట పేపర్లో కనబడగానే మనబోటి మధ్యతరగతి వాళ్ళకు ముందు వచ్చేది కోపం. ఆలోచన ఆ తర్వాతే. ఇతరుల మాట ఎందుకు, నా సంగతే చెబుతాను.

మా ఇల్లు ఫలక్‌నుమాలో. కొండ మీద ప్యాలెస్, కొండ కింద మేమూ, మా రైల్వే స్టేషనూ, ఆర్టీసీ డిపో. ఏళ్ళ తరబడి సిటీ బస్సులోనే కాలేజీకి వెళ్ళి తెలుగు పాఠాలు చెప్పి వస్తున్నాను. 2019 అక్టోబరు 5న, సరిగ్గా బతుకమ్మ పండుగ రోజుల్లో, తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. "పండగ పూటే దొరికిందా వీళ్ళకి!" అని వీధి గుమ్మంలోనే విసుక్కున్నాను. పక్క వాటాలో వుండే కండక్టరమ్మకు వినబడుతుందని తెలుసు. వినబడాలనే అన్నానేమో కూడా!

ఆ పూట ఆమె ఏమీ అనలేదు.

సమ్మెలోకి దిగినవారు దాదాపు 48 వేల మంది. కోరికలు 26. సంస్థను ప్రభుత్వంలో కలపాలి, ఖాళీలు నింపాలి, జీతాలు సవరించాలి వగైరా. ప్రభుత్వం ఆ సాయంత్రం ఆరు గంటల దాకా గడువు పెట్టింది. ఆ లోగా డ్యూటీలో చేరనివాళ్ళు తమను తామే ఉద్యోగంలోంచి తీసేసుకున్నట్టని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు గారు తేల్చారు. 'సెల్ఫ్ డిస్మిస్' అనే మాట ఊరంతా పాకింది. నేను వ్యాకరణం చెప్పేవాణ్ణి. తీసెయ్యడానికి కర్త ఒకరూ కర్మ ఒకరూ వుండాలి. కర్త తప్పుకొని, కర్మనే పట్టుకుని "నువ్వే కర్తవు" అనడం నేను చదివిన ఏ వ్యాకరణంలోనూ లేదు. నా కోపానికి మొదటి బీట అక్కడ పడింది.

రోజులు గడిచాయి. తాత్కాలిక డ్రైవర్లతో కొన్ని బస్సులు తిరిగాయి. దసరా సెలవులు పొడిగించారు. కాలేజీ తెరిచాక నేను రైలెక్కి, రైలు దిగి షేరాటో ఎక్కి, చెమటలు కక్కుతూ క్లాసుకు చేరేవాణ్ణి. కార్మికులకు మాత్రం సెప్టెంబరులో చేసిన పనికి జీతం కూడా అందలేదు.

ఒక సాయంత్రం మా ఆవిడ పంపిన కూర గిన్నె తిరిగి ఇవ్వడానికి కండక్టరమ్మ వచ్చింది. చెవులకు కమ్మలు లేవు. ఎక్కడికి వెళ్ళాయో అడగనక్కరలేదు. జాలిపడుతూనే నీతి చెప్పాను: "మాట్లాడి తేల్చుకోవచ్చు గదమ్మా, జనాన్ని ఏడిపించడం ఎందుకు?"

"నెల దినాలు బస్సు లేకుంటే మీకు గింత తిప్పలాయె గద సార్! మేం బండి నడిపినన్ని దినాలు మా మాట ఎవరన్న ఇన్నరా?" అన్నది.

పిల్లల జవాబులకు మార్కులు వేసేవాణ్ణి, నాకే జవాబు దొరకలేదు.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. కూరగాయల బండి దగ్గర మనం బేరమాడగలిగేది ఎందుచేత? "వద్దులే" అని ముందుకు నడిచే వీలు వున్నందుచేత. ఆ వీలు లేకపోతే అది బేరం కాదు, బతిమాలుకోవడం. కార్మికుడి దగ్గర అమ్ముకోవడానికి వున్నది తన శ్రమ ఒక్కటే. దాన్ని "ఇయ్యను" అనగలిగితేనే ఎదుటివాడు కుర్చీ చూపించి మాట్లాడతాడు.

సమ్మెవల్ల రోగికీ, పరీక్షకు వెళ్ళే పిల్లవాడికీ కష్టమే, కాదనను. అందుకే చట్టం ముందు నోటీసు ఇమ్మన్నది, రాజీ చర్చలు నడిచే కాలంలో ఆగమన్నది. ఆ నియమం మీరారు కాబట్టి ఈ సమ్మె చెల్లదని ప్రభుత్వం వాదించింది. హక్కుకు హద్దు పెట్టడం వేరు, హక్కునే లేకుండా చేయడం వేరు. సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన ప్రాథమిక హక్కు. సమ్మె మాత్రం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. అది చట్టం దయ మీద బతికే హక్కు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ హద్దును ఇంకా దగ్గరికి జరిపింది. ఒకప్పుడు ప్రజోపయోగ సేవలకే వున్న 14 రోజుల నోటీసు నిబంధన ఇప్పుడు పరిశ్రమలన్నిటికీ వర్తిస్తుంది. సగం మంది ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క.

మా ఊరికి ఈ గొడవ కొత్తది కాదు. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఆ ఉద్యోగం వదిలిపెట్టి, 1940లలో నిజాం ఏలుబడిలోనే కార్మిక సంఘాలు కట్టారు. జీతం తీసుకుని సుఖంగా పాఠం చెప్పుకునే నాకు ఆ పేరు తలచుకుంటే కొంచెం సిగ్గు వేస్తుంది.

52వ రోజున, నవంబరు 25న, సంఘాలు సమ్మె విరమించాయి. మర్నాడు డిపోలకు వెళ్ళినవాళ్ళను గేటు దగ్గరే వెనక్కి పంపారు. 29న గాని చేర్చుకోలేదు. ఆ తర్వాత సంఘాలను పక్కకు నెట్టి, డిపోల్లో సంక్షేమ కమిటీలు పెట్టారు. ఓడిపోయారనే అనుకున్నాం అందరమూ. కాని అప్పుడు ససేమిరా అన్న విలీనానికే 2023 ఆగస్టులో అదే ప్రభుత్వం బిల్లు తెచ్చింది, శాసనసభ ఆమోదించింది. సమ్మె వృథా అని ఎట్లా అనగలం?

కండక్టరమ్మ మళ్ళీ బస్సెక్కింది. ఆ మధ్య ఒకరోజు ఆమె బస్సులోనే వెళ్ళాను. పక్క సీటాయన పేపరు మడిచి, "ఎక్కడ చూసినా సమ్మెలే, జనం గోల ఎవడికీ పట్టదు" అన్నాడు.

"సమ్మెకు ముందు వాళ్ళేం అడిగారో, ఎన్నాళ్ళు అడిగారో రాశారేమో చూడండి" అన్నాను.

ఆయన మళ్ళీ పేపరు విప్పాడు. కండక్టరమ్మ టికెట్టు చించి నా చేతికిచ్చి, నవ్వు ఆపుకుంటూ ముందుకు వెళ్ళింది.