వెళ్ళివత్తును

ఇల్లు విడిచి దూరదేశమునకు బయలుదేరువాడు గడప దాటునప్పుడు పలుకు మాట యొకటి కలదు. అది "వెళ్ళివత్తును" అను మాట. ఉత్తగా "పోవుచున్నాను" అని చెప్పుట మన ఇండ్లలో ఆచారము కాదు. పిల్లలెవరైన తెలియక అట్లన్నచో పెద్దలు వెంటనే దిద్దుదురు. పోవుటకంటె తిరిగివచ్చుట ముఖ్యమని ఈ చిన్నమాట తెలుపుచున్నది. ఇంతటి జాగ్రత్త యేల కలిగెనో తెలియవలెనన్న, పూర్వపు ప్రయాణములు ఎట్టివో ముందుగా తెలిసికొనవలెను.

పలనాడు కృష్ణానదికి దక్షిణమున, నల్లమల కొండల అంచున నున్న సీమ. మాచర్ల, గురజాల, కారెంపూడి, నరసరావుపేట ఇందలి ప్రసిద్ధమైన ఊళ్ళు. 2022వ సంవత్సరమున నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. రైళ్ళును, మోటారు బండ్లును లేని దినములలో ఇచ్చటివారు దూరము పోవలెనన్న కాలినడకయో, ఎడ్లబండియో శరణ్యము. బరువుతో నున్న ఎడ్లబండి దినమునకు 25 లేక 30 కిలోమీటర్లు నడచును. మాచర్లనుండి కాశికి సుమారు 1,400 కిలోమీటర్లు. ఒక్కనాడైనను ఆగక నడచినను ఏబది దినములు పట్టును. కాని ఆగకుండుట యెట్లు? ఎడ్లు అలయును, ఇరుసు విరుగును, వాన కురియును, ఏరు పొంగును. ఉత్తరమునకు పోవువారు మొదటనే కృష్ణను దాటవలెను. వంతెన లేని ఆ కాలమున పుట్టిలోనో, పడవపైననో ఆవలి యొడ్డు చేరుచుండిరి. అటుపైన అడవులు, దొంగలు, అంటువ్యాధులు. అందుచేతనే "కాశికి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే" అను సామెత పుట్టినది.

కావున ఇంటివద్ద సెలవు తీసికొనుట కేవలము మర్యాద కాదు. అదియొక పెద్ద సన్నాహము. యాత్రకు పోవువాడు తాను ఈయవలసిన అప్పులు తీర్చును. తనకు రావలసిన బాకీలు ఇంటివారికి చెప్పును. పొలమును అన్నదమ్ములకును, పాడిపశువును పొరుగువారికిని అప్పగించును. ఏండ్ల తరబడి మాటలు లేని దాయాది యింటికి సైతము పోయి, "నావలన తప్పులున్న మన్నింపుడు" అని పలుకును. ఒకవేళ తాను తిరిగిరానిచో, భార్యాబిడ్డలు దిక్కులేనివారు కారాదనియు, పగ మిగిలి ఉండరాదనియు దీని భావము.

ఇంటిలో ఆడువారి పని వేరొకటి. అటుకులు, పేలపిండి, ఉప్పు, చింతపండు, ఊరగాయ మూటలు కట్టవలెను. బయలుదేరునాడు పెరుగన్నము పెట్టుదురు. పెరుగన్నము కడుపునకు చల్లదనము నిచ్చును. ఎండలో నడచువానికి మేలు. బండివాడు ఇరుసునకు కందెన పెట్టి, ఎడ్లకు లాడములు కొట్టించును. మనము కేవలము శకునములని తలచు ఆచారములు కొన్ని ఈ రీతిగా అనుభవమునుండి పుట్టినవే.

ప్రస్థానముంచుట ఇట్టిదే. మంచి ముహూర్తమున బయలుదేర వీలుగాకున్నచో, ప్రయాణపు మూటను ఆ సమయమునకు వేరొక యింట ఉంచి, తరువాత తీరికగా పోవుదురు. దీనివలన మరియొక మేలు కలదు. మూట ముందే సిద్ధమగును. మరచిన వస్తువేదో జ్ఞప్తికి వచ్చును. మొదటి దినపు మజిలీ దగ్గరగా ఉండుటయు ఇట్లే ఉపయోగపడును. ఏనుగుల వీరాస్వామయ్యగారి యాత్ర ఇందుకు నిదర్శనము. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన తెలుగువాడు. 1830వ సంవత్సరము మే 18వ తేదీ రాత్రి, గొప్ప పరివారముతో కాశికి బయలుదేరెను. ఆయన మొదటి మజిలీ పట్టణమునకు చేరువనే యున్న మాధవరము. హైదరాబాదు, నాగపూరు, జబ్బలుపూరుల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తాలు చూచి, తూర్పుతీరము వెంట 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. పదునైదు నెలలకు పైగా దారిలోనే గడచెను. దారిలో చూచినదానిని చూచినట్లు వ్రాసి మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు పంపుచుండెను. అదియే 1838లో గ్రంథముగా అచ్చుపడినది. దేహము దూరమైనను, ఉత్తరముచేత ఇంటితోడి బంధమును ఆయన తెంపుకొనలేదు.

పలనాటికి వీడ్కోలు క్రొత్త కాదు. పండ్రెండవ శతాబ్దినాటి పలనాటి వీరుల కథలో, కోడిపోరున ఓడిన మలిదేవుని పక్షమువారు బ్రహ్మనాయునితో కూడి మాచర్ల విడిచి, ఏడేండ్లు పరదేశమున గడపిరి. పందెమున ఓడినది నాయకులు. ఊరు విడిచినది మాత్రము వారిని నమ్మిన జనమంతయు. అటుపిమ్మట కారెంపూడి రణమునకు బయలుదేరిన బాలచంద్రుడు తల్లియగు ఐతాంబవద్దను, భార్యయగు మాంచాలవద్దను సెలవు గైకొనెను. మాంచాల కంటనీరు పెట్టి అతని నాపక, కత్తినిచ్చి పంపినదని కథ. కారెంపూడిలో ఏటేట జరుగు వీరుల ఉత్సవములందు ఈ వీరులను ప్రజలు నేటికిని స్మరించుచున్నారు.

అయితే మన ఆచారములన్నియు మంచివని తలపరాదు. ప్రయాణమునకు వితంతువు ఎదురగుట అపశకునమను మాట వానిలో మిక్కిలి క్రూరమైనది. భర్తను పోగొట్టుకొని, కూలినాలి చేసి బిడ్డను పెంచిన తల్లి, ఆ బిడ్డ దూరదేశమునకు బయలుదేరునాడు తలుపు చాటున దాగికొనవలసి వచ్చెడిది. పొరుగింటి ముత్తైదువ ఎదురువచ్చును. కన్నతల్లి మాత్రము చీకటిగదిలో నిలిచి, బండి గజ్జెల సవ్వడి దూరమగుటను వినుచుండును. తన బిడ్డకు ఆమెకంటె మేలు కోరువారు లోకమున నెవరు? ఆమె ముఖము చూచి పోవుటకంటె మంచి శకునము వేరొకటి లేదు. అనుభవమునుండి పుట్టిన ఆచారమును నిలుపుకొనవలెను. భయమునుండి పుట్టి ఒకరి మనస్సును నొప్పించు ఆచారమును విడువవలెను. ఈ రెండింటి భేదము నెరుగుటయే విద్యకు ఫలము.

నేడు కృష్ణపై వంతెనలున్నవి. పొందుగల, వాడపల్లి ఊళ్ళ నడుమ నదిని నిమిషములలో దాటవచ్చును. పలనాటి మిరపకాయ, ప్రత్తి, నాపరాళ్ళు, పిడుగురాళ్ళ సున్నము లారీలమీద దూరదేశములకు పోవుచున్నవి. ఏబది దినముల దారి మూడునాలుగు దినములకు తగ్గినది. అయినను లారీ డ్రైవరు బయలుదేరు వేళ ఆ యింట జరుగునది పూర్వమువంటిదే. చక్రముల క్రింద నిమ్మకాయ లుంచుదురు, కొబ్బరికాయ కొట్టుదురు. ఇల్లాలు అన్నపు డబ్బా చేతికిచ్చును. చిన్నబిడ్డ తండ్రి చొక్కా పట్టుకొని విడువదు. దొంగల భయము తగ్గినను, కునికిపాటు భయము పెరిగినది. ఎడ్లు అలసినచో తామే నిలిచెడివి. యంత్రమునకు అలసట లేదు, దానిని నడుపు మనుష్యునికి కలదు. కావున నిమ్మకాయతోపాటు బ్రేకులను, చక్రముల గాలిని పరీక్షించుట, నిద్ర వచ్చినచో బండి నాపి విశ్రమించుట నేటి ప్రయాణమునకు తగిన మంచి శకునములు.

బాలబాలికలారా! మీలో అనేకులు రేపు చదువుకొరకో, ఉద్యోగముకొరకో ఇల్లు విడిచి పోవుదురు. చేతిలోని ఫోనుతో ఎప్పుడైన మాటలాడవచ్చును గదా యని తొందరగా గడప దాటకుడు. పెద్దలకు నమస్కరింపుడు. తీసికొన్న వస్తువులను తిరిగి ఇచ్చివేయుడు. కలహించిన తమ్మునితో ఒక మంచిమాట పలుకుడు. ఇంటిలో ఎవరైన తలుపు చాటున నిలిచియున్నచో, వారిని ముందుకు పిలిచి, వారి ముఖము చూచి "వెళ్ళివత్తును" అని చెప్పుడు. ఆ మాట తిరిగివత్తునని మీరు చేయు బాస. దారి పొడవున జాగ్రత్తగా మెలగి ఆ బాసను నిలుపుకొనుట మీ వంతు.