పెద్దదారిపై మెత్తని ప్రయాణము: క్రొత్త టైర్ల యెంపిక

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు 65వ నెంబరు జాతీయ రహదారిమీద గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవుచున్న యొక కారును తలచుకొనుడు. అందు భార్యాబిడ్డలు, వృద్ధులైన తల్లిదండ్రులు, రెండు పెట్టెలు, ఒక మామిడిపండ్ల బుట్ట. ఇంత బరువును మోయునవి నాలుగు టైర్లు. అందు నొక్కొక్కటి నేల నంటియుండు మేర యించుమించుగా మన అరచేతి యంత. కారు మలుపు తిరుగుట, నిలుచుట, వాననీటిలో జారకుండుట, గతుకు తెలియకుండ సాగిపోవుట అన్నియు నా నాలుగు అరచేతులమీదనే ఆధారపడియున్నవి. ఇంజను చెడిన కారు దారిప్రక్కన నిలిచిపోవును. వేగమున పోవునపుడు టైరు పగిలిన కారు ఎచ్చట నిలుచునో ఎవ్వరును చెప్పజాలరు.

అట్టి టైర్లు అరిగిపోయిన పిమ్మట క్రొత్తవానిని ఎన్నుకొనుట యెట్లు అను విషయమును గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిని. దూరప్రయాణములు చేయువార మందరమును దుకాణమునకు పోయి, "కుదుపు లేకుండ మెత్తగా పోవు టైర్లు కావలెను" అని అడుగుదుము. దుకాణదారుడు ఒక పేరును ఒక ధరయు చెప్పును. ఆ రెంటితోనే బేరము ముగియుట మన దేశమున పరిపాటి. మెత్తదన మనగా నేమో, అది యెచ్చటినుండి వచ్చునో, దానికై మనము దేనిని వదలుకొనుచున్నామో తెలిసికొని బేరమాడుట మేలని నా అభిప్రాయము.

మెత్తదనము ముఖ్యముగా గాలివలన వచ్చునది. స్కాట్లండు దేశస్థుడైన రాబర్టు విలియం థామ్సను 1845లో గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను. కాని యది నాడు వాడుకలోనికి రాలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్లపు తన కుమారుని మూడుచక్రముల బండికి గాలిటైర్లు అమర్చెను. ఆనాటినుండి గాలిమీది ప్రయాణము లోకమున వ్యాపించెను. 1946లో ఫ్రాన్సుదేశపు మిషలిన్ సంస్థ రేడియల్ టైరునకు పేటెంటు పొందెను. అందు లోపలి దారములు ఒక అంచునుండి మరియొక అంచునకు సూటిగా పోవును. వానిపై ఉక్కుపట్టీలు చుట్టబడి యుండును. అందుచేత ప్రక్కగోడ సులభముగా వంగును, నేల నంటు భాగము మాత్రము చదరముగా, స్థిరముగా నిలుచును. నేటి మన కార్లకు గల టైర్లు ఈ జాతివే.

ఇక టైరు ప్రక్కగోడమీద అచ్చువేసిన అంకెలను చదువుట నేర్చుకొందము. ఒక దానిపై "195/65 ఆర్ 15 91 హెచ్" అని యున్న దనుకొనుడు. 195 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనగా ఆ వెడల్పులో నూటికి 65 వంతులు ప్రక్కగోడ యెత్తు. లెక్కించినచో దాదాపు 127 మిల్లీమీటర్లు. ఆర్ అనగా రేడియల్. 15 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో. 91 అను గుర్తునకు ఒక్కొక్క టైరు 615 కిలోల బరువు మోయగలదని అర్థము. హెచ్ అను అక్షరము గంటకు 210 కిలోమీటర్ల వేగమువరకు ఓర్వగలదని తెలుపును. టి యైనచో 190, వి యైనచో 240. మీ కారు నిర్మాత సూచించిన కొలత డ్రైవరు తలుపు ప్రక్కన అంటించిన కాగితముమీద నుండును. బరువు గుర్తునందు గాని వేగపు గుర్తునందు గాని అంతకు తక్కువ దానిని ఎన్నడును కొనకుడు.

ఇచ్చటనే పలువురు మోసపోవు తావు ఒకటి కలదు. సొగసు కొరకు పెద్ద రిమ్ములు వేయించుకొనుట నేటి వేడుక. 195/65 ఆర్ 15 టైరునకు బదులు 205/55 ఆర్ 16 గాని, 225/45 ఆర్ 17 గాని వేయింతురు. మొత్తము చక్రపు ఎత్తు ఇంచుమించు మారదు. మూడింటికిని 632 నుండి 635 మిల్లీమీటర్ల లోపలనే. కాని ప్రక్కగోడ యెత్తు 127 నుండి 113కును, పిమ్మట 101కిని దిగజారును. ఆ ప్రక్కగోడయే గతుకును మ్రింగు దిండు. రిమ్ము పెరిగిన కొలది దిండు పలుచనగును. అట్లు వేయించుకొన్నవారు మలుపులలో కారు చురుకుగా తిరుగుచున్నదని సంతోషింతురు గాని, వెనుక కూర్చున్న తల్లి నడుము నొప్పికి కారణ మదియేనని గ్రహింపరు. అంతేకాక గతుకు తగిలిన రిమ్ము వంగుటయు, ప్రక్కగోడ ఉబ్బుటయు ఇట్టి పలుచని టైర్లకే హెచ్చు. మెత్తని ప్రయాణము కోరువారు నిర్మాత యిచ్చిన కొలతకు కట్టుబడియుండుటయే సులభమైన మార్గము. గాలి పోయినను కొంతదూరము నడచు టైర్లు కొన్ని కలవు. వాని ప్రక్కగోడ గట్టిది కనుక కుదుపు కొంత హెచ్చుగా తెలియును.

"అన్ని ఋతువుల టైరు" అను మాట నేడు ప్రకటనలయందు తరచుగా వినబడుచున్నది. దీని పుట్టుక అమెరికాలోనిది. అచ్చటి ఉత్తర రాష్ట్రములలో మంచు గడ్డకట్టును. వేసవికై చేసిన రబ్బరు ఇంచుమించు 7 డిగ్రీలకు దిగువన బిరుసెక్కి పట్టు తప్పును. చలికై చేసిన రబ్బరు ఎండలో మరీ మెత్తనై త్వరగా అరుగును. కావున ఏటికి రెండుమారులు టైర్లు మార్చుట అచ్చటివారికి తప్పనిపని. ఆ శ్రమ తప్పించుటకై 1977లో గుడియర్ సంస్థ టియెంపో అను పేర అన్ని ఋతువుల రేడియల్ టైరును వెలువరించెను. ఇది రెండు కొసల నడుమ కుదిర్చిన సంధి. ఎండకు పనికివచ్చును, వానకు పనికివచ్చును, కొద్దిపాటి మంచునకును పనికివచ్చును. ఏ యొక్క దానికిని అందుకొరకే చేసిన టైరంత పనికిరాదు.

మన తెలుగుబిడ్డలు అనేకులు నేడు అమెరికాలో నివసించుచున్నారు. డల్లాసులో నుండువానికి ఈ టైరు చాలును. మినియాపొలిసులో నుండువాడు దీనిపై ఎమ్, ఎస్ అను అక్షరములు చూచి ధైర్యపడరాదు. ఆ అక్షరములు చాళ్ల ఆకారమునుబట్టి వేయునవే గాని మంచులో పరీక్షించి యిచ్చినవి కావు. మూడు శిఖరముల కొండయు, దాని నడుమ మంచుపూవును గల ముద్ర యున్న టైరే మంచుమీద పరీక్షకు నిలిచినది. తల్లిదండ్రులు టెలిఫోనులో కుశలము అడుగునపుడు ఈ మాటయు అడుగవచ్చును.

మన దేశమునకు వత్తము. ఋతువులు ఆరని పంచాంగము చెప్పినను తెలుగునేలమీద టైరునకు తెలిసిన ఋతువులు రెండే: ఎండ, వాన. రెంటచింతల, రామగుండము ప్రాంతములలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. తారురోడ్డు అంతకంటెను వేడిగా నుండును. కావున మనము మంచుకై ధర హెచ్చించి యియ్యవలసిన పనిలేదు. ఎండకు ఓర్చునదియు, తడిరోడ్డుమీద పట్టుగలదియు కావలెనని అడుగవలెను. ఈ రెండు గుణములను గూర్చి పెక్కు టైర్లమీద ముద్రలు గలవు. అమెరికా ప్రభుత్వపు పద్ధతి ననుసరించి అరుగుదలకు ఒక అంకెయు, తడిలో నిలుచుటకు ఏఏ, ఏ, బి, సి అను అక్షరములలో నొకటియు, వేడికి ఓర్చుటకు ఏ, బి, సి అను అక్షరములలో నొకటియు వేయుదురు. అరుగుదల అంకె 400 గలది 200 గలదానికంటె రెండింత లెక్కువ మన్నవలెనని అర్థము. ఈ అంకెను నిర్మాతయే తన పరీక్షనుబట్టి వేయును గనుక ఒకే నిర్మాత టైర్లను పోల్చుటకే యిది తగును. మన్నిక అంకె ఒక్కటే చూచి కొనకుడు. సామాన్యముగా గట్టి రబ్బరు ఎక్కువకాలము మన్నును, కాని తడిలో పట్టునకును మెత్తదనమునకును వెనుకాడును. ఈ వైరమును తగ్గించుటకై 1990 తరువాతి కాలమున రబ్బరులో సిలికా కలుపు పద్ధతి ప్రబలినది.

తడిరోడ్డు మాట కొంత విపులముగా చెప్పవలెను. వేగము హెచ్చినపుడు చక్రము ముందు నీరు మేకువలె దూరి టైరును నేలనుండి పైకెత్తును. అపుడు స్టీరింగు త్రిప్పినను కారు తిరుగదు, బ్రేకు తొక్కినను ఆగదు. ఆ నీటిని ప్రక్కలకు తోసివేయునవి టైరుమీది చాళ్లు. క్రొత్త టైరునందు చాలు లోతు ఇంచుమించు 8 మిల్లీమీటర్లు. 1.6 మిల్లీమీటర్లకు దిగినపుడు బయటపడుటకు చాళ్ల అడుగున అడ్డుకట్టలు పెట్టియుందురు. ఆ కట్టలు పైరబ్బరుతో సమమైన నాడు టైరు ఆయువు తీరినట్లే. అయినను 3 మిల్లీమీటర్ల లోతునకు వచ్చినపుడే వానలో పట్టు సన్నగిల్లును. కావున జూన్ మాసమునకు ముందే కొలిపించుకొని మార్చుట వివేకము.

నిశ్శబ్దము కోరువారికి ఒక మాట. రబ్బరుదిమ్మెలు ఒకే కొలతగలవై వరుసగా నేలను తట్టినచో ఒకే శ్రుతిలో ఊళవంటి ధ్వని పుట్టును. అందుచే నిర్మాతలు దిమ్మెల కొలతలను బుద్ధిపూర్వకముగా హెచ్చుతగ్గులు చేయుదురు. అపుడు ధ్వని పలుశ్రుతులలో చెదరి చెవికి బాధ తగ్గును. నడుమ తెగని పట్టీలు గల టైర్లు పెద్దదారికి అనుకూలము. బురదకొరకు చేసిన పెద్దదిమ్మెల టైర్లు చూపునకు వీరముగా నుండును గాని, సిమెంటు రోడ్డుమీద ప్రక్కవాని మాట విననియ్యవు.

టైరు వయస్సును తప్పక చూడుడు. ప్రక్కగోడమీద చిన్న చట్రములో నాలుగంకెలుండును. మొదటి రెండును వారము, తరువాతి రెండును సంవత్సరము. ఒక దుకాణమున నాకు క్రొత్తవని చూపిన టైర్లమీద 1121 అని యుండెను, అనగా 2021వ సంవత్సరపు 11వ వారము. అప్పటికి నాలుగేండ్లు గడచినవి. వేరు జత చూపుమని అడుగగా లోపలినుండి కొన్ని నెలలనాటివి తెచ్చియిచ్చిరి. ధర యొక్కటే. రబ్బరు వాడకున్నను ముదియును. ఆరేండ్లకు మార్చుమని కొందరు కారు నిర్మాతలును, ఎంత లోతున్నను పదియేండ్లకు మించి వాడవద్దని టైరు నిర్మాతలును చెప్పుచున్నారు.

రెండే టైర్లు కొనగలిగినపుడు వానిని ముందు వేయింతురా, వెనుక వేయింతురా? ముందే యనుకొందురు. కాని క్రొత్తవి వెనుకకే వేయించవలెను. ముందుటైర్లు జారినచో కారు సూటిగా పోవును. వేగము తగ్గించుకొని సర్దుకొనవచ్చును. వెనుకవి జారినచో కారు గిఱ్ఱున తిరిగిపోవును. సామాన్యుడు దానిని నిలుపలేడు. బిగించిన పిమ్మట చక్రముల తూకమును, వానిని సమరేఖలో నుంచు అలైన్‌మెంటును సరిచూపించుడు. తూకము తప్పినచో 80, 90 కిలోమీటర్ల వేగమున స్టీరింగు వణకును; ఎంత ఖరీదైన టైరైనను ఈ లోపమును దాచజాలదు.

తుదకు గాలి. తలుపు ప్రక్కన వ్రాసియున్న ఒత్తిడిని తెల్లవారుజామున, బండి నడుపక మునుపు కొలువవలెను. ప్రక్కగోడమీద వ్రాసినది టైరు ఓర్వగల గరిష్ఠపు టొత్తిడి; అది మనము నింపవలసినది కాదు. కొందరు మెత్తగా నుండునని గాలి తగ్గింతురు. ఇది ప్రాణాంతకమైన పొదుపు. గాలి తక్కువైన ప్రక్కగోడ మాటిమాటికి వంగి లోలోపల కాగిపోవును. మే నెల మధ్యాహ్నమున నిండుబరువుతో పోవు టైరు పగులుటకు తరచుగా కారణ మిదియే. దూరము పోయిన పిమ్మట వేడికి ఒత్తిడి పెరుగును; అపుడు గాలి వదలరాదు. నైట్రోజను నింపుదుమని అధికముగా అడిగినచో, మనము పీల్చు గాలిలో నూటికి 78 వంతులు నైట్రోజనే యని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. దానివలన కీడు లేదు, కాని నెలకొకసారి కొలిచి చూచుకొనువానికి మామూలుగాలి చాలును.

శ్రోతలారా, ఇదియంతయు కంఠస్థము చేయనక్కరలేదు. దుకాణమునకు పోవునపుడు నిర్మాత చెప్పిన కొలత, బరువు వేగముల గుర్తులు, తడిలో పట్టు, తయారైన వారము అను నాలుగు విషయములు చీటీమీద వ్రాసికొని పొండు. ధర పిమ్మట అడుగుడు. ఈ నాలుగును సరిపడిన టైర్లలో ప్రక్కగోడ యెత్తుగలదియు, చప్పుడు తక్కువదియు ఏరుకొన్నచో మెత్తదనము దానంతట అదియే లభించును. మీ ప్రయాణములు సుఖప్రదములు, క్షేమకరములు అగుగాక. సెలవు.