చక్కెర ఎటు పోతే మందు అటు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను వదలడం లేదు. రాసినవారు ముంబయిలోని వర్లివాసి. బీడీడీ చాల్‌లో, 160 చదరపు అడుగుల గదిలో పుట్టి పెరిగారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కలే ఓ టవర్‌లో ఉంటున్నారు. వాళ్ళ సొసైటీకి కింద పచ్చిక ఉంది. పచ్చికలో తుంగ ఉంది.

"వానలు మొదలై వారం తిరక్కుండానే మా మాలీ మందు కొట్టాడు. పైన మాడింది, పదిహేను రోజుల్లో మళ్ళీ లేచింది. దసరాకి పిల్లల కార్యక్రమం ఉందని పచ్చిక నున్నగా కోయించి, మర్నాడే ఈసారి రెట్టింపు మోతాదు కొట్టించాం. మళ్ళీ అదే వరస. మందు కల్తీదా? లేక మాలీ అందులో నీళ్ళు కలిపాడా? దయచేసి చెప్పండి" అని అడిగారు.

మందు మంచిదే అయివుండొచ్చు. మాలీ కూడా మంచివాడే అయివుండొచ్చు. ఆ రెండుసార్లూ మొక్కలో చక్కెర పైకి పోతోంది. మందు కిందికి దిగాలంటే చక్కెర కిందికి దిగుతూ ఉండాలి. ఈ ఒక్క వాక్యాన్ని విప్పి చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు ప్రాథమిక విషయాలు గబగబా చెప్పేస్తాను. కలుపు మందులు స్థూలంగా మూడు రకాలు. మొదటివి గింజ మొలవకముందు నేలకు కొట్టేవి. పెండిమిథాలిన్ ఇలాంటిదే. మొలక వేరు కొనలో కణాలు రెండుగా చీలకుండా అడ్డుకుంటుంది. నేల ఉసిరి, రెడ్డివారి నానుబాలు, ఊద లాంటి గింజ కలుపుకు పనికొస్తుంది. రెండోవి తగిలినచోట మాత్రమే మాడ్చేవి. పారాక్వాట్ ఇందులో పేరుమోసింది. మనిషి కడుపులోకి పోతే విరుగుడు లేని విషం, దాని జోలికి పోకండి. మూడోవి ఆకు మీద పడి, మొక్క లోపల ప్రయాణించి, వేరు దాకా వెళ్ళి చంపేవి. తుంగ విషయంలో మనకు కావలసినవి ఇవే.

మొదటి రకం గురించి ఒక్క మాట. అమెరికా లాన్ పుస్తకాలన్నీ నేల వేడి 13 డిగ్రీలకు చేరినప్పుడు, ఫోర్సిథియా పొద పసుపుపచ్చగా పూసే వేళకు ఈ మందు కొట్టమంటాయి. అక్కడ చలి వదిలాక గింజ మేలుకుంటుంది కాబట్టి ఆ లెక్క సరే. ముంబయి నేలలో ఆ చలీ లేదు, ఆ పొదా లేదు. ఇక్కడ గింజను లేపేది నీళ్ళు. కాబట్టి తొలకరికి ముందే మందు నేలలో ఉండాలి. ముంబయికి రుతుపవనాలు వచ్చే మామూలు తేదీ జూన్ 11. 2025లో అవి మే 26కే వచ్చేశాయి. జూన్ మొదటివారం అని క్యాలెండర్‌లో రాసిపెట్టుకున్న వాళ్ళంతా ఆ ఏడాది మొలిచిన గడ్డి మీద మొలవకముందు కొట్టే మందు పోసి ఉంటారు.

అయితే తుంగకు ఈ రకం మందుతో పని లేదు. దానికి గింజలు పేరుకే. అసలు బతుకంతా నేలలోని తుంగముస్తల్లో ఉంటుంది. ఒక దుంప నుంచి సన్నని తీగ, దాని చివర మరో దుంప, దానికి మరో తీగ, ఇలా గొలుసుకట్టుగా పోతుంది. 1977లో లీరాయ్ హోమ్, ఆయన సహచరులు ప్రపంచంలోని దుష్ట కలుపు మొక్కల మీద పెద్ద పుస్తకం వేసి, మొదటి స్థానం దీనికే ఇచ్చారు. కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి మిల్లు పనికి వర్లి చేరిన కుటుంబాలకు హోమ్ చెప్పాల్సిన అవసరం లేదనుకోండి. ఊళ్ళో ఆ దుంపల్ని ఏరి ఏరి నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళే అంతా.

ఇక అసలు విషయం.

ఆకు ఎండలో చక్కెర తయారుచేస్తుంది. అది వేరుకు, దుంపకు, చిగురుకు చేరాలి. దాన్ని మోసే గొట్టాల వ్యవస్థను ఫ్లోయమ్ అంటారు. గుండె లేదు, పంపు లేదు. మరి ఎలా కదులుతుంది? 1930లో ఎర్నెస్ట్ మ్యూంఖ్ అనే జర్మన్ అటవీ శాస్త్రజ్ఞుడు చెప్పిన జవాబు ఎంత సులువైనదో చూడండి. ఆకు దగ్గర గొట్టంలోకి చక్కెర ఎక్కుతుంది. చక్కెర చిక్కబడ్డచోటికి ద్రవాభిసరణ వల్ల నీళ్ళు చొరబడతాయి. అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. రెండో కొసన దుంపో చిగురో ఆ చక్కెరను దించుకుంటుంది. అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువ ఒత్తిడి వైపు మొత్తం ద్రవం కదులుతుంది. అంతే. తయారయ్యే చోటు ఒకటి, ఖర్చయ్యే చోటు ఒకటి ఉంటే చాలు, నడిపించేవాడు అక్కర్లేదు. గంటకు అర మీటరు, ఒక మీటరు చొప్పున సాగిపోతుంది.

ఇంత ముచ్చటైన ఆలోచనను దశాబ్దాల పాటు చాలామంది నమ్మలేదు. వాళ్ళ అభ్యంతరం తెలివితక్కువది కాదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చాక ఫ్లోయమ్ గొట్టాలను కోసి చూశారు. గొట్టానికీ గొట్టానికీ మధ్య ఉన్న జల్లెడ పలకల రంధ్రాలు ప్రొటీన్‌తో పూడుకుపోయి కనిపించాయి. పూడుకుపోయిన గొట్టంలో ప్రవాహం ఎక్కడిది అన్నారు. వాళ్ళు పట్టించుకోనిది ఒకటుంది. కత్తి పడగానే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. రసం కారిపోకుండా మొక్క క్షణాల్లో రంధ్రాలు మూసేస్తుంది. వాళ్ళు చూసింది బతికున్న గొట్టాన్ని కాదు, గాయానికి వేసుకున్న బిరడాను.

ఈ చిక్కు విప్పడంలో ముందడుగు వేయించింది పేనుబంక. పైరు మీద జిగురు కార్చే ఆ పురుగునే అంటున్నాను. అది తన సూది నోటిని మొక్క గుర్తించనంత నేర్పుగా ఒక్క ఫ్లోయమ్ గొట్టంలోకి దించుతుంది. 1953లో కెనెడీ, మిట్లర్ అనే ఇద్దరు పరిశోధకులు పేనుబంక రసం తాగుతుండగా దాని శరీరాన్ని కోసేసి, సూదిని మాత్రం మొక్కలో ఉంచేశారు. పురుగు లేదు, పీల్చేవాడు లేడు. అయినా ఆ సూది కొసన చుక్క తర్వాత చుక్క తీపి రసం ఊరుతూనే ఉంది. అంటే పురుగు పీల్చడం లేదు, మొక్కే నెడుతోంది. జీవశాస్త్రంలో ఇంతకన్నా అందమైన ప్రయోగం నాకు చూపించండి. చివరికి 2016లో మైకేల్ నాబ్లాక్ బృందం పొడవాటి మార్నింగ్ గ్లోరీ తీగల్లో ఒత్తిడి కొలిచి, తీగ పొడవు పెరిగేకొద్దీ మొక్క ఒత్తిడినీ గొట్టాల తీరునూ సర్దుకుంటుందని చూపింది. మ్యూంఖ్ మాట నిలిచింది, ఎనభై ఆరేళ్ళకు.

దీనికీ కలుపు మందుకూ సంబంధం ఏమిటో తెలియాలంటే, రెండో ప్రపంచయుద్ధ కాలంలో పుట్టిన 2,4-డి గురించి చెప్పుకోవాలి. అది ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్‌ను పోలిన పదార్థం. 1946లో మిచెల్, బ్రౌన్ దాన్ని చిక్కుడు మొక్కల ఆకుల మీద వేసి చూశారు. ఎండలో ఉన్న మొక్కలో మందు ఆకు దాటి కాండంలోకి వెళ్ళింది. చీకట్లో ఉంచి, చక్కెర ఖర్చయిపోయిన ఆకులో వేస్తే అక్కడే ఉండిపోయింది. సరే, చీకటి వల్ల ఇంకేదో చెడిందేమో అనొచ్చు కదా. 1949లో రోర్‌బా, రైస్ ఆ సందేహం కూడా తీర్చారు. చీకట్లో ఉన్న ఆకు మీదే మందుతోపాటు చక్కెర కూడా వేశారు. వెలుతురు లేకపోయినా మందు బయలుదేరింది! వెలుతురు కాదు కావలసింది, చక్కెర.

చర్చ్‌గేట్ వైపు పోయే లోకల్ రైలు ఎక్కినవాడు ఎంత తొందరపడ్డా ఎదురు దిక్కున ఉన్న విరార్ చేరడు. మందు పరిస్థితీ అంతే.

అది ఆ గొట్టంలోకి ఎక్కాక తిరిగి బయటికి ఎందుకు కారిపోదన్న ప్రశ్న మిగిలింది. 2,4-డి బలహీన ఆమ్లం. కణాల బయట ద్రవం కాస్త పుల్లగా ఉంటుంది. అక్కడ అది ఆవేశం లేని రూపంలో పొరలు దాటి లోపలికి వస్తుంది. ఫ్లోయమ్ లోపల క్షారగుణం ఎక్కువ. అక్కడ దానికి రుణావేశం వచ్చి, ఇక పొర దాటలేక చిక్కుబడిపోతుంది.

ఇప్పుడు మన వర్లి తుంగ దగ్గరికి వద్దాం. తొలివాన పడి దుంప మొలకెత్తినప్పుడు, కొత్త ఆకుకు సొంత సంపాదన ఉండదు. దుంపలో దాచిన పిండిపదార్థమే చక్కెరగా మారి పైకి వస్తుంది. వారం లోపల మందు కొడితే అది ఆకు కొసలకు పోతుంది, కొసలు మాడతాయి, దుంప చెక్కుచెదరదు. మూడు వారాలకు అటూ ఇటూగా నాలుగైదు ఆకులు విచ్చుకున్నాక లెక్క తిరగబడుతుంది. ఆకులు తమకు చాలినంత పోను మిగిలింది కిందికి పంపుతాయి, కొత్త తీగలు, కొత్త దుంపలు వేయడానికి. మందు కొట్టాల్సింది సరిగ్గా అప్పుడు. ఇంకా ఆగితే గొలుసు పెరిగిపోతుంది.

దసరాకి కొట్టిన మందు రుతువు ప్రకారం చూస్తే మంచి సమయంలో పడ్డదే. అక్టోబర్ ఎండలో తుంగ బాగా సంపాదించి కింద దాచుకుంటుంది. కానీ ముందురోజే ఆకులన్నీ కోసేశారు. సంపాదించే ఆకు లేకపోతే మళ్ళీ చక్కెర దుంప నుంచి పైకే. కోసిన తర్వాత ఆకులు తిరిగి ఎదగనివ్వాలి. కొట్టిన తర్వాత కూడా కొన్నాళ్ళు కత్తి పెట్టకూడదు.

రెట్టింపు మోతాదు మరీ పెద్ద పొరపాటు, పైగా చాలా తెలివైనవాళ్ళు చేసేది. మోతాదు పెరిగితే ఆకు ముందే చచ్చిపోతుంది. ఆకు చస్తే చక్కెర తయారీ ఆగుతుంది, ప్రవాహం ఆగుతుంది, మిగిలిన మందు అక్కడే ఆగుతుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు మామూలు మోతాదులోనే ఇలా తన దారిని తానే మూసుకుంటుందని చక్కెర దుంప మొక్కల్లో గైగర్ బృందం 1980ల్లో చూపించింది. రెండో రోజుకే తుంగ ఎర్రగా మాడితే కమిటీవాళ్ళు సంతోషిస్తారు. నాకైతే అనుమానం వస్తుంది. పది రోజులు తీసుకుని నెమ్మదిగా పసుపెక్కితే పని లోపల జరుగుతున్నట్టు.

అన్నీ సరిగ్గా చేసినా కొంత తుంగ మిగులుతుంది, కారణం ఇదే సూత్రం. గొలుసు చివరి దుంప మొలకెత్తి ఉంటే వెనకవి చాలావరకు నిద్రలో ఉంటాయి. నిద్రపోయే దుంప చక్కెర అడగదు. అడగని చోటికి ఒత్తిడి తేడా లేదు, ప్రవాహం లేదు, మందు రాదు. ఖుర్పీతో గొలుసు తెంపితే అవన్నీ మేలుకుంటాయి. సగం పీకిన తుంగ రెట్టింపు అవడానికి కారణం అదే.

ఉపయోగం సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతాను, విసుక్కుంటూనే. 2,4-డి తుంగ దుంపను చంపదు, వెడల్పాకు కలుపుకే. ఊళ్ళో పత్తి చేల పక్కన కొడితే గాలికి కొట్టుకొచ్చి పత్తి ఆకుల్ని వేళ్ళలా చీల్చేస్తుందని రైతులకు తెలుసు. గ్లైఫోసేట్ పచ్చికనూ చంపుతుంది. పైగా 2022 అక్టోబర్ నాటి కేంద్రం ఉత్తర్వు ప్రకారం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదు. పచ్చికను వదిలి తుంగను పట్టేది హాలోసల్ఫ్యురాన్ మిథైల్. మన దేశంలో అది చెరుకు, మొక్కజొన్న పైర్లలో తుంగ కోసం వచ్చిన మందు. మీ మాలీ తెచ్చిన డబ్బా మీద పచ్చిక అన్న మాట ఉందో లేదో చదివించుకోండి; లేకపోతే కొట్టకండి.

ఇంకో ఇబ్బంది ముంబయిదే. జూన్ వానకు లేచిన తుంగకు సరైన సమయం జులై. జులైలో మందు ఆకు మీద ఆరడానికి నాలుగు గంటల తెరిపి ఎక్కడ దొరుకుతుంది? అందుకే నా సలహా ఏప్రిల్. ఎటూ పచ్చికకు ట్యాంకర్ నీళ్ళు పెడుతూనే ఉంటారు. తడికి తుంగ లేస్తుంది, ఎండ కావలసినంత, వాన భయం లేదు. లేచిన మూడు వారాలకు పని ముగించండి.

మందే వద్దనుకునేవాళ్ళకు 1938 నాటి కబురు. అలబామాలో స్మిత్, మేటన్ మూడు వారాలకు మించని విరామంతో నేల దున్నుతూ పోతే రెండు పంట కాలాల్లో తుంగ దుంపలు ఖాళీ అయి చచ్చాయని చూపించారు. దాచుకునే వ్యవధి ఇవ్వకపోవడమే కిటుకు. పిల్లలు దొర్లే చిన్న పచ్చికకు నేనైతే ఇదే ఎంచుకుంటాను. దున్నడం కుదరదు కాబట్టి మూడు వారాలకొకసారి మాలీ చేత గొలుసుతో సహా తవ్వించడం, రెండేళ్ళు విడవకుండా. మాలీకి దానికి తగ్గ కూలీ ఇవ్వాలి.

ఇక కొత్తగా పచ్చిక వేసే చోట్ల మాట. మహాలక్ష్మి రేస్‌కోర్స్ భూమిలో 120 ఎకరాలు ప్రజల పార్కు కోసం తీసుకోవాలని 2024లో నిర్ణయమైంది. పక్కనే కోస్టల్ రోడ్డు కోసం సముద్రాన్ని పూడ్చిన నేల మీదా పచ్చదనం పరుస్తున్నారు. ఇలాంటి చోట్లకు తుంగ నడిచిరాదు, ఎర్రమట్టి లారీలోనో, పెంటలోనో, నర్సరీ పచ్చిక చాపల అడుగునో వస్తుంది. ఆ పనులు చూసే అధికారులకు నా విన్నపం ఒక్కటే: దించిన ప్రతి లారీ మట్టిలోంచి ఒక బుట్టెడు తీసి, తడిపి, పది రోజులు ఎండలో ఉంచి చూడండి. తుంగ మొలిస్తే ఆ లారీని వెనక్కి పంపండి.