విడాకులు: పెద్దల కాగితము, కోర్టు డిక్రీ

దాంపత్యము చెడినప్పుడు ఊరి పెద్దలను కూర్చుండబెట్టుట వరంగల్లు ప్రాంతమున పాత అలవాటు. వారు ఉభయుల మాటలు విందురు. పెట్టుపోతల లెక్క తేల్తురు. తుదకు స్టాంపు కాగితముపై, ఇక ఒకరితో ఒకరికి సంబంధము లేదని వ్రాయించి వ్రేలిముద్రలు వేయింతురు. ఆ కాగితమును పెట్టెలో దాచుకొని, బంధము తెగినదని ఇరువురును నమ్ముదురు. ఆ నమ్మకము చట్టము ముందు నిలుచునా యను ప్రశ్నను మేమిచట విచారింపదలచితిమి.

హిందూ వివాహ చట్టము 1955 మే 18న అమలులోనికి వచ్చినది. బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు కూడ అది వర్తించును. దాని ప్రకారము విడాకుల డిక్రీ నిచ్చు అధికారము న్యాయస్థానమునకే కలదు. ఏదైన కులమున విడాకుల ఆచారము పూర్వమునుండి ఉన్నచో 29వ సెక్షను దానిని కాపాడును. కాని ఆచారము కలదని చెప్పినంతనే చాలదు. దానిని రుజువు చేయవలెనని సుప్రీంకోర్టు 2002లో స్పష్టపరచినది. లంబాడీలు, కోయలు మొదలగు షెడ్యూల్డు తెగలవారికి, కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, ఈ చట్టము వర్తించదు.

అట్టి ఆచారము రుజువుకానిచో ఆ కాగితమునకు విలువ లేదు. దానిని నమ్మి మరల పెండ్లియాడిన, ఆ రెండవ వివాహము చెల్లదు. అది నేరము కూడ. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 82వ సెక్షను క్రింద ఏడేండ్ల వరకు ఖైదు పడవచ్చును. ఏమియు నెరుగక కాపురమునకు వచ్చిన స్త్రీకి చట్టరీత్యా భార్యాస్థానము దక్కదు. ఆమె బిడ్డలను మాత్రము 16వ సెక్షను సక్రమ సంతానముగనే ఎంచును.

మరి కోర్టు మార్గ మెట్టిది? వివాహము జరిగిన చోటగాని, దంపతులు కడపట కలసియున్న చోటగాని, ఎదుటివారు నివసించు చోటగాని పిటిషను వేయవచ్చును. 2003 సవరణ తరువాత భార్య తానున్న చోటనే వేయవచ్చును. హైదరాబాదు అత్తవారింటినుండి వరంగల్లు పుట్టినింటికి వచ్చియున్న ఆమె ఇచ్చటి కుటుంబ న్యాయస్థానమునకే పోవచ్చునన్నమాట. సాధారణముగా పెండ్లియైన యేడాదిలోపల పిటిషను చెల్లదు.

ఇరువురికి సమ్మతమైనచో 1976లో చేర్చిన 13-బి సెక్షను కలదు. ఏడాదిగా వేరుగా నున్నవారు కలసి పిటిషను వేసి, ఆరు నెలల పిమ్మట, పదునెనిమిది నెలలలోపల మరల కోర్టును కోరవలెను. తగిన సందర్భములలో ఆరు నెలల గడువును కోర్టు సడలింపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. ఒకరే కోరినచో క్రూరత్వము, రెండేండ్ల పరిత్యాగము, వ్యభిచారము వంటి చట్టము చెప్పిన కారణమును సాక్ష్యముతో నిరూపింపవలెను.

కోర్టు మొదట రాజీకి ప్రయత్నించును. కక్షిదారులు కోరినచో విచారణను ఆంతరంగికముగా జరుపును. ఆదాయము లేనివారు, భార్యయైనను భర్తయైనను, కేసు నడచుచుండగనే 24వ సెక్షను క్రింద భరణమును, ఖర్చులను అడుగవచ్చును. బిడ్డల సంరక్షణకు 26వ సెక్షను కలదు. వకీలు ఫీజు భారమని స్త్రీలు వెనుదీయ నక్కరలేదు. 1987 చట్టము ప్రకారము, ఆదాయముతో నిమిత్తము లేకుండ, జిల్లా న్యాయసేవాధికార సంస్థనుండి వారికి ఉచితముగా వకీలు లభించును.

పెద్దల శ్రమ వ్యర్థమని మా భావము కాదు. ధనము, నగలు, బిడ్డల విషయమై వారు కుదిర్చిన ఒప్పందమును పరస్పర సమ్మతి పిటిషనులో చేర్చి కోర్టు ముందుంచవచ్చును. అప్పుడా మాటకు డిక్రీ బలము చేకూరును. డిక్రీ వచ్చి, అప్పీలు గడువు ముగిసినమీదటనే మరల పెండ్లి మాట తలపెట్టవలెను. పెట్టెలో భద్రపరుపవలసినది ఆ డిక్రీ నకలు.