‘అరిడ్’: పుట్టుక, అర్థాలు

1. పరిచయం

బషీర్‌బాగ్‌లో జరిగిన ఒక కాంటాక్ట్ తరగతిలో ‘అరిడ్’ అనే ఇంగ్లీషు మాటకు అర్థం అడిగాను. ఎక్కువమంది ‘కరువు’ అన్నారు. ఒకరు, “బట్టలు ఆరాయి అంటాం కదండీ, ఆ ‘ఆరు’ నుంచే వచ్చి ఉంటుంది” అన్నారు. రెండూ సరికావు. ఎందుకో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. వ్యుత్పత్తి

లాటిన్‌లో ‘అరేరె’ అంటే ఎండిపోవు. దాని నుంచి ‘అరిడస్’ ఏర్పడింది. 17వ శతాబ్దంలో అది ‘అరిడ్’గా ఇంగ్లీషులో చేరింది. మన ‘ఆరు’ ద్రావిడ ధాతువు. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు. ధ్వనుల సంబంధం అనేక మాటల్లో క్రమంగా కనిపించాలి. సంస్కృతంలో ‘త’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘థ’ రావడం చూడండి: త్రి–థ్రీ, తను–థిన్, తృష్ణ–థర్స్ట్. పైకి పోలిక తక్కువైనా ‘తృష్ణ’, ‘థర్స్ట్’ ఒకే మూలానివి. ఆ మూలానికి అర్థం కూడా ఎండటమే.

3. అర్థాలు

(అ) శాస్త్రార్థం: తెలుగులో ‘శుష్క’. వర్షపాతాన్ని, నేల నుంచి, మొక్కల నుంచి ఆవిరి కాగల నీటితో భాగిస్తారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం వర్గీకరణలో ఫలితం 0.05–0.20 అయితే శుష్క ప్రాంతం, 0.20–0.50 అయితే అర్ధశుష్క ప్రాంతం. పశ్చిమ రాజస్థాన్ మొదటి రకం. తెలంగాణలో చాలా భాగం రెండో రకం. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ పూర్తి పేరులో ఉన్నది ఈ ‘సెమీ అరిడ్’ అనే మాటే.

(ఆ) లాక్షణికార్థం: జీవం లేని, విసుగు పుట్టించే ప్రసంగాన్నీ ఇంగ్లీషులో ‘అరిడ్’ అంటారు. తెలుగు ‘శుష్క’ మాత్రం వట్టితనం వైపు మొగ్గుతుంది. ‘శుష్క ప్రియాలు, శూన్య హస్తాలు’ అన్న సామెతను గుర్తుచేసుకోండి. అనువాదంలో ఈ తేడా మరవకండి.

4. శుష్కత, కరువు

శుష్కత ఒక ప్రాంత శీతోష్ణస్థితి స్వభావం. కరువు ఒక కాలంలో వచ్చే కష్టం. మామూలుగా కురవాల్సిన వాన కురవకపోతే వస్తుంది. ఎక్కువ వానలు పడే ప్రాంతంలోనూ రావచ్చు. ‘కరువు’ అని రాయవలసినచోట ‘శుష్క’ అని రాస్తే, ఆ నేల తీరే అంత అనుకుని పాఠకుడు ముందుకు సాగిపోతాడు. ఆ ఏడు పంట పోయిన రైతు కష్టం మాత్రం కనబడకుండా పోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘ఆరు’, ‘అరిడ్’ సంబంధం లేని మాటలని ఎలా చెప్పగలం?
2. మీ మండలాన్ని ఉదాహరణగా తీసుకుని శుష్కతకు, కరువుకు తేడా రాయండి.